గొంగళి చాటున నూకరాజు

జోగారావు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కుని, "పద, చూద్దాం" అనేవారు. ఏం చూడాలో, ఎక్కడ చూడాలో చెప్పేవారు కారు. చూడవలసింది ఒక్కోసారి వీధి మలుపులోనే ఎదురయ్యేది. ఒక్కోసారి నెల దాటినా కనిపించేది కాదు. ఈలోగా అడిగినవాళ్లు ప్రశ్న మరిచిపోయి హాయిగా ఉండేవారు గాని, ఆయన మాత్రం మరిచిపోయేవారు కారు. నరసాపురంలో ముప్పై ఏళ్లు పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పి రిటైరైన ఈ డ్రాయింగు మాస్టారికి ఆ తరవాత ఫొటోల పిచ్చి పట్టుకుంది. పిచ్చి అంటువ్యాధి కాబట్టి ఆదివారం పొద్దున్నే ఆయన అరుగు మీద ఐదారుగురు చేరేవారు. రైసుమిల్లు గుమాస్తా ఒకరు, కాంపౌండరు ఒకరు, ఇంకా అలాంటివాళ్లే. ఎవరికీ అది కూడుపెట్టే విద్య కాదు. రీలుకు పన్నెండు బొమ్మలు మాత్రమే వచ్చే ఆ కాలంలో, నెలకొక రీలు పాడుచేసుకోవడమే వాళ్లకున్న విలాసం.

వాళ్లందరిలోకీ చెయ్యి తిరిగినది కనకవల్లి. పోస్టాఫీసులో స్టాంపుల కిటికీ వెనక కూచునే ముప్పై ఏళ్ల మనిషి. పొట్ట దగ్గర పెట్టుకుని పైనించి తొంగిచూసే పాత పెట్టె కెమెరా ఒకటి ఆమెకు ఉండేది. దాంతో మనుషుల ముఖాలూ, వాళ్లు పెంచుకునే జీవాల ముఖాలూ తీసేది. కుక్కలు, పిల్లులు, ఒక రామచిలక, ఒకసారి పొట్టేలు. జీవాలతో వచ్చే చిక్కేమిటంటే అవి చెప్పిన మాట వినవు. నీడపట్టున ఆ ఫిల్ముకు వెలుతురు చాలక కెమెరా కన్ను నిదానంగా తెరుచుకుని నిదానంగా మూసుకునేది. ఆ కాస్త వ్యవధిలో కుక్క తల విదిలిస్తే బొమ్మంతా అలికేసినట్టయ్యేది. దీనికి కనకవల్లి సొంతంగా ఒక కిటుకు కనిపెట్టింది. పెంచుకున్న మనిషిని జీవం వెనకాల గొంతుక్కూచోబెట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకోమని చెప్పి, ఆ మనిషి మీద నల్ల గొంగళి కప్పేసేది. తనవాళ్ల చేతుల్లోనే ఉన్నానన్న ధీమాతో జీవం నిమ్మళంగా కూచునేది. గొంగళి బొమ్మలో వట్టి చీకటిలా పడేది. తరవాత ప్రింటు వేసేటప్పుడు అంచులు వదిలేసి, ఇంకా ఎక్కడైనా వేళ్లో మోకాలో మిగిలితే ప్రింటు మీదే సన్నటి కుంచెతో రంగు అద్ది మాయం చేసేది. చూసినవాళ్లకు కుక్క ఒక్కటే మహారాజులా కనిపించేది. ఆ విద్య జిల్లాలో ఇంకెవరికీ రాదని గుమాస్తాగారు ఒట్టేసి చెప్పేవారు.

గోదావరి రేవులో పడవ నడిపే కొల్లాటి నూకరాజుకు ఒక కుక్క ఉండేది. దాని పేరు కలెక్టరు. రేవులో దిగిన ప్రతి బుట్టనూ, ప్రతి మూటనూ వాసన చూసి గాని ముందుకు పోనివ్వదు కాబట్టి ఆ పేరు వచ్చింది. అది ముసలిదైపోతోందనీ, పోయేలోగా దాని ముఖం ఒక కాగితం మీద నిలబెట్టుకోవాలనీ నూకరాజు తనంతట తానే పోస్టాఫీసుకు వచ్చి అడిగాడు. అది వింతే. తిరనాళ్లలో అట్ట విమానం ఎక్కి ఫొటో దిగనివాడు లేని ఊళ్లో, ఊరంతా ఒక దారి ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, నూకరాజు ఒక్కడే జన్మలో కెమెరా ముందుకు వచ్చి ఎరగడు. అతని తండ్రీ అన్నా ఒకసారి కలిసి ఫొటో దిగారు. ఆ ఏడే తుఫానులో ఇద్దరూ పోయారు. ఆ ఫొటో కూడా ఇంటితోపాటు కొట్టుకుపోయింది. కెమెరా అంటే అతనికి ఒక చెడ్డ కన్ను. గొంగళి సంగతి వినగానే మాత్రం అతని ప్రాణం లేచివచ్చింది. తన మీద దాని కన్ను పడదు కదా అని రెండు సార్లు అడిగి రూఢి చేసుకుని, రేవు పక్కన పాక నీడలో, కలెక్టరును కాళ్ల మధ్య కూచోబెట్టుకుని గొంగళి కిందకి దూరాడు.

బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. కలెక్టరు ఛాతీ మీద నూకరాజు కుడిచేతి వేళ్లు మిగిలిపోతే, కనకవల్లి రెండు సాయంత్రాలు కూచుని వాటిని కూడా చెరిపేసింది. అందులో ఒక వేలు పొట్టిది కావడం వల్ల కాస్త పని తగ్గిందని సంతోషించింది కూడా. ఒక ప్రింటు నూకరాజుకిచ్చి, ఇంకొకటి ఆదివారం అరుగు మీదికి తెచ్చింది. అందరూ వహ్వా అన్నారు. మాస్టారు దాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, కళ్లజోడు తీసి, మళ్లీ తగిలించుకుని చూశారు. కుక్క బాగుందన్నారు. అంతకు మించి ఒక్క ముక్క కూడా రాకపోయేసరికి కనకవల్లికి ఉక్రోషం వచ్చింది. ఎన్నాళ్లనించో మనసులో ఉన్న ప్రశ్న అప్పుడే బయటపెట్టింది.

"బొమ్మలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

మాస్టారు కండువా అందుకోబోయారు. అంతలో వాన మొదలైంది. చూద్దాంలే అమ్మా అని ఊరుకున్నారు.

మూడు వారాలు తిరక్కుండా నూకరాజు పోయాడు. పడవ కట్టేసి, గట్టెక్కి, కలెక్టరు పక్కన కూచుని చుట్ట వెలిగించుకున్నవాడు వెలిగించుకున్నట్టే పక్కకి ఒరిగిపోయాడట. వయసు యాభై దాటి రెండేళ్లు. పిల్లలు లేరు. ఇంట్లో భార్య మావుళ్లమ్మ, పక్క గుమ్మంలో తమ్ముడి కుటుంబం. ఊరు రెండు రోజులు అయ్యో అనుకుని మూడో రోజున ఇంకొకరి పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు పోయింది. నదికీ ఊరికీ అది మామూలే.

ఏడో రోజున మావుళ్లమ్మ పోస్టాఫీసు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. పెద్దకార్యం కాకుండా గడప దాటకూడదని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా వినకుండా వచ్చింది. వరసలో ఉన్నవాళ్లు ఆమెను చూసి పక్కకి తప్పుకున్నారు. ఆమె ఏడవలేదు. వచ్చిన పని చెప్పింది. పదకొండో రోజు పెద్దకార్యం. పీట మీద ఫొటో పెట్టి దండ వేయాలి. బొటనవేలంత ఫొటో ఉన్నా చాలు, దాన్ని గోడంత చేసిస్తానని బజారులో స్టూడియో ఆయన మాటిచ్చాడు. ఆ బొటనవేలంతే లేదు. పెట్టె బోర్లించి వెతికింది. పెళ్లికి కూడా అతను దిగలేదు. ఉన్నదల్లా గోడకు తగిలించిన కలెక్టరు ఒక్కటే. తరవాతి మాటలు చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది. ఏడు రోజులకే అతని మొహం ముక్కు దగ్గరికి వచ్చేసరికి తికమకగా ఉందనీ, ఏడాది తిరిగేసరికి ఏం మిగులుతుందో తలుచుకుంటే భయంగా ఉందనీ చెప్పింది.

"ఆ కుక్కని తీసినప్పుడు మా మావ అక్కడే ఉన్నాడు గదమ్మా. ఒక్క మూలైనా పడలేదా?"

లేదంటే అబద్ధమవుతుందని కనకవల్లికి తెలుసు. పడ్డవి మూడున్నర వేళ్లు. వాటిని తనే రెండు సాయంత్రాలు కష్టపడి చెరిపింది. ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లలేదు. చూస్తాను మావుళ్లమ్మా అని మాత్రం అని, ఆవిడ వెళ్లగానే మధ్యాహ్నానికి సెలవు రాసిచ్చి మాస్టారింటికి పరుగెత్తింది.

మాస్టారు అంతా విన్నారు. కనకవల్లికి దారిలోనే ఒక ఉపాయం తట్టింది. ముప్పై ఏళ్లు బొమ్మలు నేర్పిన మనిషి, నూకరాజు పడవ వందసార్లు ఎక్కిన మనిషి, జ్ఞాపకం మీద అతని మొహం గీసివ్వలేరా అని అడిగింది. మాస్టారికీ అది బాగానే ఉందనిపించి పెన్సిలు పట్టుకున్నారు. తలపాగా చకచకా వచ్చింది. మీసం వచ్చింది. ముక్కు దగ్గర చెయ్యి ఆగిపోయింది. కోటేరు ముక్కా, బండ ముక్కా అని కనకవల్లిని అడిగారు. ఆమె కోటేరు ముక్కంది. అప్పుడే మందుచీటీ పట్టుకుని వచ్చిన కాంపౌండరు బండముక్కే అని ఘంటాపథంగా చెప్పాడు. కళ్లు చిన్నవా పెద్దవా అన్న దగ్గర ఇద్దరూ వాదనకు దిగారు. మాస్టారు రెండు కాగితాలు నలిపి అవతల పారేశారు. మూడోదాని మీద ఎవరో కనిపించారు గాని అది నూకరాజు కాదు, ఆయనతోపాటు స్కూల్లో పనిచేసిన లెక్కల మాస్టారు. ఆయన పెన్సిలు కింద పెట్టేశారు. ఇరవై ఏళ్లుగా అతని పడవెక్కాననీ, ఎక్కేటప్పుడు కాలు జారకుండా చూసుకున్నాననీ, దిగేటప్పుడు చెప్పులు చూసుకున్నాననీ, అతన్ని మాత్రం చూడలేదనీ ఒప్పుకున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన సిగ్గుపడ్డారు. కనకవల్లి ఆయన సిగ్గుపడగా చూడటం అదే మొదలు.

"ఆ ఫిల్ము తీసుకురా. పద, చూద్దాం."

మాస్టారింట్లో వంటిల్లే చీకటిగది. వంట అయిపోయాక కిటికీలకు గోనెపట్టాలు కట్టి, ఎర్ర దీపం పెట్టుకుని, పొయ్యి గట్టు మీద మందునీళ్ల పళ్లాలు వరసగా పెట్టుకునేవారు. బొమ్మను పెద్దది చేసే యంత్రం బియ్యం డబ్బా పక్కన ఉండేది. కనకవల్లి అలవాటు కొద్దీ యంత్రం తలను పైకి ఎత్తింది. అలా ఎత్తితే కాగితం నిండా కుక్క ఒక్కటే పడుతుంది. మాస్టారు దాన్ని కిందకి దించారు. ఫిల్ము మీద ఉన్న చదరం మొత్తం, నాలుగు మూలలతో సహా, కాగితం మీదికి వచ్చింది. ఇన్ని బొమ్మలు తీసిన కనకవల్లి తన చదరాన్ని మొత్తంగా ఎప్పుడూ కాగితం మీద చూసుకోలేదు. అవసరం లేదనుకుంది.

కాగితం మందులో పడ్డాక ముందు నల్లవి పైకి తేలతాయి. కాబట్టి ముందు గొంగళే వచ్చింది. తరవాత మెల్లగా కలెక్టరు కళ్లు, మూతి. దాని ఛాతీకి అడ్డంగా వేళ్లు. గొంగళి అంచు కింద రెండు పాదాలు. కనకవల్లి ఆత్రంగా వంగి చూస్తున్నదల్లా ఒక్కసారి వెనక్కి తగ్గింది. ఆమె కంటికి అక్కడ కనిపించింది నూకరాజు కాదు, ముసుగు కప్పిన మనిషి. నిలువునా గుడ్డ కప్పి, కాళ్లు మాత్రం బయట ఉంచేది ఎవరికో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇది తీసుకెళ్లి చూపిస్తే ఆవిడ గుండె పగిలిపోతుందని కనకవల్లి బతిమాలుకున్నట్టుగా అంది. మాస్టారు కాగితాన్ని పళ్లెంలో అటూ ఇటూ ఆడిస్తూనే ఉన్నారు.

"పగలాల్సింది ఏడు రోజుల కిందటే పగిలిందమ్మా. నువ్వు తీసుకెళ్లు."

మర్నాడు పొద్దున్న కనకవల్లి ఆ ప్రింటును పాత కవరులో పెట్టుకుని రేవు వీధికి వెళ్లింది. దారి పొడుగునా వెనక్కి తిరుగుదామా అనుకుంటూనే వెళ్లింది. ఆమె భయపడ్డట్టే అయింది. గుమ్మంలో ముందుగా నూకరాజు తమ్ముడు పైడియ్య ఎదురై, ఫొటో దొరికిందా అని కవరు అందుకుని తీసి చూశాడు. అతని మొహం మాడిపోయింది. మొహం మీద గుడ్డ కప్పినవాడికి దండ వేస్తే వచ్చిన చుట్టాలు ఏమనుకుంటారని అడిగాడు. ముందు కుక్క, వెనక శవం, ఇదేనా మా అన్నకి మీరు చేసిన మర్యాద అన్నాడు. అతను అరవలేదు. అరిచినా బాగుండేదేమో. కనకవల్లికి తల కొట్టేసినట్టయింది. ప్రింటు వెనక్కి తీసుకుందామని చెయ్యి చాచింది. ఆమె కన్నా ముందు ఇంకొక చెయ్యి వచ్చి దాన్ని అందుకుంది.

మావుళ్లమ్మ ప్రింటును గుమ్మం బయటికి, వెలుతురులోకి తీసుకెళ్లి నిలబడింది. కనకవల్లికి ఎంత బెదురుగా ఉన్నా, అంతటి బెదురులోనూ ఒక కుతూహలం వదల్లేదు. ఈవిడ కన్ను ముందు ఎక్కడికి పోతుంది? బొమ్మ చూసే ఎవరి కన్నయినా ముందు కళ్ల మీదికి పోతుందని మాస్టారు చెబుతుండేవారు. ఇందులో ఉన్న కళ్లు కలెక్టరువి. మావుళ్లమ్మ వాటిని చూడలేదు. తల ఉండవలసిన చోట గొంగళి ఎత్తుగా ఉంది, అటూ చూడలేదు. ఆమె చూపు పాదాల దగ్గర మొదలైంది. ఎడమ మడమ నేలకు ఆనకుండా కాస్త పైకి ఉంది. ఎప్పుడో గాలపు ముల్లు దిగి లోపలే విరిగిందనీ, అప్పట్నించి ఆ మడమ ఆనించడనీ తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. అక్కణ్ణించి పైకి వచ్చి వేళ్ల దగ్గర ఆగింది. పొట్టి వేలును తన వేలితో తడిమింది. తాడు మెలికలో పడి తెగిందట, పెళ్లయిన ఏడాదే. ఆ వేలికి పసుపు పెట్టి కట్టు కట్టిన మొదటి రోజునే అతను తనతో సిగ్గు విడిచి మాట్లాడాడట. అలా చెబుతూ చెబుతూ ఆమె కలెక్టరు తల దగ్గరికి వచ్చి హఠాత్తుగా నవ్వింది. పైడియ్య కంగారుపడి వదినా అన్నాడు.

"మాటాడతన్నాడు. ఇదిగో, దీని చెవి చూడండి, ఎనక్కి తిప్పింది. గొంగళి కప్పినా ఊరుకోలేదు, దీనికేదో చెబుతున్నాడు."

కనకవల్లి చూసింది. కలెక్టరు కళ్లు రెండూ కెమెరా మీదే ఉన్నాయి. ఒక చెవి ముందుకు నిక్కపొడుచుకుని ఉంది. రెండోది పూర్తిగా వెనక్కి తిరిగి, గొంగళి వైపు ఉంది. ఆ చెవిని ఆమె మొదటి ప్రింటు వేసినప్పుడే గమనించింది. బొమ్మకు అదొక్కటే లోపమని, రెండు చెవులూ ఒక్కలా ఉంటే ఇంకా బాగుండేదని అనుకుంది కూడా. ఇప్పుడు ఆ పొద్దు మొత్తం గుర్తుకొచ్చింది. గొంగళి కిందనించి నూకరాజు గొంతు సన్నగా, ఆగకుండా వినిపిస్తూనే ఉంది. కెమెరా పెట్టెలోకి వంగి ఉన్న తను తల ఎత్తకుండానే, మాట్లాడకు నూకరాజూ, కుక్క కదులుతుంది అని కసిరింది. అతను ఒక క్షణం ఆగి మళ్లీ మొదలెట్టాడు.

మావుళ్లమ్మ ఆమె వైపు తిరిగింది. ఆ కళ్లలో ఏడుపు లేదు, ఆశ ఉంది. అదే కష్టంగా ఉంది.

"మీరక్కడే ఉన్నారు గదమ్మా. ఏం చెప్పాడు?"

చెప్పడానికి ఏదైనా చెప్పొచ్చు. నీ పేరు తలుచుకున్నాడంటే ఆవిడ సంతోషిస్తుంది, తప్పు పట్టేవాడు లేడు. కనకవల్లి నాలిక చివరి దాకా ఆ మాట వచ్చింది కూడా. కాని ఆ మడమనూ ఆ వేలినీ చదివిన మనిషి ముందు అబద్ధం నిలవదనిపించింది. పైగా ఒకసారి ఆ వేళ్లను చెరిపేసింది, ఇప్పుడు అతని మాటలు కూడా తనే కల్పించి పెట్టడానికి మనసొప్పలేదు. వినలేదు మావుళ్లమ్మా అంది. మాటలు వినపడ్డాయి, నేనే చెవిన పెట్టలేదు అంది. వేళ్లు చెరిపిన సంగతి కూడా అప్పుడే చెప్పేసింది. చెబుతుంటే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మావుళ్లమ్మ ప్రింటు మీద ఆ వేళ్లను మళ్లీ ఒకసారి తడిమింది. తరవాత తనే సర్దుకుని, ఏం చెబుతాడులెండి, ఉండరా అయిపోద్ది, ఉండరా అని ఉంటాడు, రోజూ పడవలో చెప్పేది అదే అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడు రోజుల్లో మొదటిసారి గట్టిగా ఏడ్చింది. పైడియ్య ఆ ప్రింటు మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఆ వేళ్లు చూస్తూంటే మొహం దానంతటదే వస్తోందనీ, ముక్కు కూడా వచ్చిందనీ, పెడితే ఇదే పెడతాననీ చెప్పింది. వదిన అంత గట్టిగా చెప్పాక మరిది చేసేదేముంది?

పెద్దకార్యం నాడు ఆ ఫొటోనే పీట మీద పెట్టారు. బంతిపూల దండ వేశారు. కలెక్టరు పీట ముందు పడుకుంది, ఎంత తోలినా లేవలేదు. కనకవల్లి కెమెరా తీసుకురాకుండా వచ్చి ఒక మూల నిలబడింది. అలాంటి చోట మామూలుగా ఏమవుతుందో ఆమెకు తెలుసు. వచ్చినవాళ్లు ఫొటోకు దణ్ణం పెట్టి, రెండు పూలు వేసి, విస్తళ్లు ఎక్కడ వేశారో చూసుకుంటారు. ఇక్కడ అలా జరగలేదు. వచ్చిన ప్రతివాడూ దణ్ణం పెట్టబోయి, చేతులు సగంలో ఆపి, వంగి, ఏడీ అని అడిగాడు. అడిగిన ప్రతివాడికీ ఎవరో ఒకరు చెప్పవలసి వచ్చింది. గొంగళి ఎందుకంటే తండ్రీ అన్నల ఫొటో సంగతి చెప్పాలి. ఆ సంగతి చెబితే తుఫాను సంగతి చెప్పాలి. ఆ వేలేమిటంటే తాడు కథ. అవతలి ఒడ్డునించి వచ్చిన ఒకతను, పురిటినొప్పులతో ఉన్న తన భార్యను వరద పోటులో ఈ పొట్టి వేలి చేత్తోనే దాటించాడని చెప్పి కూలబడిపోయాడు. ఇంట్లోవాళ్లకే తెలియని సంగతులు బయటపడ్డాయి. అన్నం చల్లారిపోతోందని వంటవాళ్లు గోల పెట్టారు. మధ్యాహ్నానికి పైడియ్యే పీట పక్కన చేరి, కొత్తగా వచ్చినవాళ్లకు గొంగళి కథ తను దగ్గరుండి కప్పినంత వివరంగా చెబుతున్నాడు.

ఆ ఆదివారం కనకవల్లి అందరికన్నా ముందు అరుగు మీదికి వచ్చింది. ఏడేళ్లుగా తీసిన ఫిల్ములన్నీ అట్టపెట్టెల్లో పెట్టుకుని రిక్షాలో వేసుకొచ్చింది. ఒక్కొక్కటే కవరులోంచి తీసి ఆకాశానికి ఎదురుగా పట్టుకుని, నడిమధ్యన ఉన్నదాన్ని వదిలేసి అంచులు వెతికింది. తను ప్రింటులో ఎన్నడూ రానివ్వనివి అక్కడ చాలా ఉన్నాయి. పొట్టేలు వెనక ఎవరిదో పంచె కుచ్చు. తెల్లపిల్లి కింద ఒక జత మోకాళ్లు. రామచిలక కూచున్న మణికట్టు, దానికి మట్టిగాజులు. ఎవరివో కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. ఏం మాట్లాడారో ఒక్కరిదీ గుర్తు లేదు. అన్నిటినీ నాలుగు మూలలతో మళ్లీ ప్రింటు వేస్తానని, ఎన్నాళ్లయినా సరే వేసి తీరతానని ఆమె గట్టిగా చెప్పింది. గుమాస్తాగారు అది గొప్ప పని అవుతుందన్నారు. కాంపౌండరు కాగితాల ఖర్చు లెక్క కట్టబోతే అందరూ కలిసి అతని నోరు మూయించారు.

మాస్టారు ఆమె చేతిలోంచి ఒక ఫిల్ము అందుకున్నారు. వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, మళ్లీ దాన్ని కవరులో పెట్టేసి ఇచ్చేశారు.

"ఈ గాజులు రామచిలక సూరమ్మవి. మన వెనక వీధిలోనే ఉంటుందమ్మా. ఈ వేళప్పుడు ఇంట్లోనే ఉంటుంది," అంటూ ఆయన కండువా అందుకున్నారు.